చుక్కలు పిట్టవి, గీత మనది

తెర మీద ఇంకా మ్యాప్ లేదు. ఉన్నవన్నీ అంకెల వరసలే. ఒక గడిలో తేదీ, సమయం. పక్క గడుల్లో అక్షాంశం, రేఖాంశం. మీకు కావలసిన వరస 2022 అక్టోబరు 13 దగ్గర మొదలవుతుంది. చోటు అలాస్కా. ట్యాగ్ నంబరు 234684, పిట్టకు పేరు కూడా అదే. బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ జాతి, వయసు సుమారు అయిదు నెలలు. పెద్దవి సాధారణంగా ముందే వెళ్లిపోతాయి, పిల్లలు వాటి వెంట పోవు. దీని నడుం మీద ఎండకు ఛార్జయ్యే ట్రాన్స్‌మిటర్ ఉంది. బరువు 5 గ్రాములు.

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ తెరిచి ఫైలును లోపలికి లాగుతారు. చుక్కలు పడతాయి. సమయం వరసలో కలపమంటారు. గీత అలాస్కా నుంచి చక్కగా కిందికి దిగి, పసిఫిక్ నడిమధ్యలో ఉన్నట్టుండి మ్యాప్ ఎడమ అంచు నుంచి కుడి అంచుకు దూసుకుపోతుంది. అమెరికాను, అట్లాంటిక్‌ను, ఆఫ్రికాను అడ్డంగా కోసేస్తుంది. పిట్ట చేసిన తప్పేం లేదు, 180 డిగ్రీల రేఖ దాటింది. అక్కడ రేఖాంశం మైనస్ 179 నుంచి ప్లస్ 179కి మారుతుంది. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయని సాఫ్ట్‌వేర్‌కు మీరే చెప్పాలి. మైనస్ ఉన్న ప్రతి రేఖాంశానికీ 360 కలుపుతారు, మ్యాప్‌ను పసిఫిక్ మీదికి జరుపుతారు. తెగిన గీత అతుక్కుంటుంది.

ఇప్పుడు జూమ్ చేయండి. ఇలాంటి ఫైళ్లలో కొన్ని చుక్కలు దారికి ఎక్కడో దూరంగా పడి ఉంటాయి. ట్యాగ్ సంకేతాన్ని వినేది సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆర్గోస్ ఉపగ్రహం. అది దగ్గరవుతూ, దూరమవుతూ ఉంటే వినబడే ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఆ మార్పును బట్టే చోటు లెక్కగడతారు. చిక్కేమిటంటే ఆ లెక్కకు జవాబులు రెండు వస్తాయి. ఉపగ్రహం వెళ్లిన దారికి ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి. ఒక్కోసారి తప్పుడుదే ఫైల్లోకి ఎక్కుతుంది. అందుకే ప్రతి చుక్కకూ ఒక తరగతి ఉంటుంది. 3 అంటే తేడా 250 మీటర్ల లోపు. బి అంటే తేడా ఎంతో అంచనా లేదని. మీరు వేగంతో వడకడతారు. రెండు చుక్కల మధ్య గంటకు 300 కిలోమీటర్లు వచ్చిందంటే అది రెక్కల వేగం కాదు, లెక్కలో పొరపాటు.

టెంపొరల్ కంట్రోలర్‌లో ప్లే నొక్కుతారు. కాలం గంట గంటగా కదులుతుంది. చుక్క హవాయికి పడమరగా దిగుతోంది. 19వ తేదీ ప్రాంతంలో కిరిబాటి దాటుతుంది. ఇది నీటి మీద వాలి సేదదీరే పిట్ట కాదు. రెక్కలు ఆడిస్తూనే ఉండాలి. బయల్దేరే ముందు ఒంట్లో నింపుకున్న కొవ్వే దారిబత్తెం. కింద గాలుల లేయర్ వేస్తే ఈ జాతి ప్రయాణంలోని ఇంకో కిటుకు తెలుస్తుంది. అలూషియన్ దీవుల వైపు అల్పపీడనం ఏర్పడినప్పుడు, దాని వెనక దక్షిణానికి వీచే గాలి చూసుకొని అవి బయల్దేరతాయి.

తెర మీద కొత్త చుక్క రావడం ఆగింది. పిట్ట ఆగలేదు, ఛార్జి కోసం ట్యాగ్ నిద్రపోయింది. ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ నున్నటి గీతతో కలిపి చూపిస్తుంది. చూడ్డానికి హాయిగానే ఉంటుంది కానీ ఆ నున్నదనం పిట్టది కాదు. అక్కడ గీతను తునకలు తునకలుగా మారుస్తారు, చూసేవాళ్లకు ఇది ఊహ అని తెలియాలిగా.

23వ తేదీ. ఆస్ట్రేలియాకూ న్యూజిలాండ్‌కూ నడుమ సముద్రం మీద దారి ఒక్కసారి పిట్టకు కుడివైపుకు, అంటే పడమటికి తిరుగుతుంది. మలుపు ఏ క్షణాన, ఏ అల మీద అంటే చుక్కలు చెప్పవు. గీత మాత్రం ఒక మూల గీసి, అదే చోటని ధీమాగా చూపిస్తుంది.

చివరి చుక్కలు టాస్మేనియా ఈశాన్య మూల, ఆన్సన్స్ బేలో గుమిగూడతాయి. పదకొండు రోజుల్లో 13,560 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా సాగిన పిట్టల వలసల దూరాల్లో గిన్నిస్ నమోదు చేసిన రికార్డు. అయితే ఇలాంటి దూరం వచ్చేది ఎలా? గుండ్రని భూమి మీద చుక్క నుంచి చుక్కకు దగ్గరి దారి కొలిచి, అన్నీ కూడితే వస్తుంది. గాలికి పక్కకు ఒరిగిన వంపులు అందులో లేవు. మ్యాప్ సేవ్ చేసే ముందు ఆ అంకె పక్కన ‘కనీసం’ అని టైపు చేయండి.