గోంగూరకు చుట్టం, కొబ్బరికి తోడు: కోకో పుట్టుపూర్వోత్తరాలు

ఏలూరు జిల్లాలో కొబ్బరితోటలోకి అడుగుపెడితే, కింద గుబురుగా పెరిగిన చిన్న చెట్లకు మానుకే అతుక్కుని కాయలు కనిపిస్తాయి. అదే కోకో. కాయను కర్రతో కొట్టి విప్పితే లోపల తెల్లటి గుజ్జు పట్టిన గింజలు ముప్పై నలభై దాకా ఉంటాయి. చూడ్డానికి సీతాఫలం తొనల్లా ఉంటాయి. గుజ్జు చప్పరిస్తే తీపీ పులుపూ కలిసి నోరూరిస్తుంది. గింజ కొరికితే మాత్రం లోపలంతా వంకాయ రంగు, వగరు, చేదు. చాక్లెట్ వాసన మచ్చుకైనా ఉండదు. మరి ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది?

కోకో పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ఎగువ అడవి. ఆకాశాన్నంటే మహావృక్షాల నీడలో, తడి ఆరని నేలలో బతికిన చెట్టు ఇది. సుమారు 5,300 ఏళ్ల కిందటే అక్కడివాళ్లు కోకోను వాడారనడానికి ఈక్వడార్‌లో దొరికిన పాత్రల్లో ఆనవాళ్లు ఉన్నాయని 2018లో పరిశోధకులు వెల్లడించారు. అక్కణ్ణుంచి అది మధ్య అమెరికాకు చేరింది. మాయా, అజ్టెక్ ప్రజలు గింజల్ని నూరి నురుగు వచ్చేలా కలిపి పానీయంగా తాగారు. అజ్టెక్ సంతల్లో ఆ గింజలే డబ్బుగానూ చెల్లాయి.

1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనికి థియోబ్రోమా కకావో అని పేరు పెట్టాడు. థియోబ్రోమా అంటే గ్రీకు భాషలో దేవతల ఆహారం. చాలాకాలం దీన్ని మన అడవుల్లోని తపసి చెట్టు కుటుంబంలో ఉంచారు. జన్యు పరిశోధనలు వచ్చాక ఆ కుటుంబాన్ని మాల్వేసి అనే కుటుంబంలో కలిపేశారు. అంటే గోంగూర, బెండ, పత్తి, మందారం అన్నీ కోకోకు చుట్టాలే.

రకాల విషయంలోనూ లెక్క మారింది. మధ్య అమెరికాలో పాతుకున్న సున్నితమైన క్రియోల్లో, గట్టి కాపు కాసే ఫోరాస్టెరో, ఈ రెండూ ట్రినిడాడ్ దీవిలో కలిసి పుట్టిన ట్రినిటారియో అని మూడు రకాలుగా చెప్పేవారు. 2008లో జన్యువుల ఆధారంగా శాస్త్రవేత్తలు పది సమూహాలను గుర్తించారు.

తోటలోకి వచ్చినా కోకో అడవి స్వభావం పోలేదు. పువ్వు గోరంత ఉంటుంది. దాన్ని తేనెటీగ కాదు, కంటికి ఆనీ ఆనని దోమలాంటి చిన్న ఈగ పరాగసంపర్కం చేస్తుంది. ఆ ఈగ పెరిగేది రాలి కుళ్లిన ఆకుల్లో, కాయ తొక్కల్లో. నేల అద్దంలా ఊడ్చేస్తే ఈగ ఉండదు, కాపూ ఉండదు. పూసిన నూరు పూలలో నాలుగైదు కాయలైతే గొప్ప. కాయ దానంతట అది పగలదు; అడవిలో కోతులూ ఉడతలూ గుజ్జు కోసం కొరికి గింజల్ని వెదజల్లేవి. గుజ్జు తీసిన గింజ కొద్ది రోజుల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. అందుకే దీన్ని సముద్రాలు దాటించడం తేలిక కాలేదు.

అయినా దాటింది. పందొమ్మిదో శతాబ్దంలో బ్రెజిల్ నుంచి ఆఫ్రికా తీరదీవులకు వెళ్లింది. ఇవాళ ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనాల నుంచే వస్తోంది. మన దేశానికి 1798లో తమిళనాట కుట్రాలానికి చేరినా, సాగుగా నిలదొక్కుకున్నది 1960ల తర్వాత కేరళలో. ఆంధ్రప్రదేశ్‌లో ఆలస్యంగా మొదలై ఇప్పుడు దేశంలోనే ముందు వరసలో ఉంది. కొబ్బరి, ఆయిల్‌పామ్ నీడ దానికి అమెజాన్ నీడను గుర్తుచేసింది కాబోలు. ఏటా కొమ్మలు కత్తిరించి, గాలి ఆడనిచ్చి, వానాకాలంలో కాయకుళ్లు రాకుండా చూసుకున్న రైతుకు అది అంతర పంటగా అండగా నిలిచింది.

ఇక వాసన సంగతి. గుజ్జుతో ఉన్న పచ్చి గింజల్ని బుట్టల్లోనో పెట్టెల్లోనో పోసి, అరిటాకులు కప్పి ఐదారు రోజులు పులియబెడతారు. గుజ్జులోని తీపిని ఈస్టులు తింటాయి. తర్వాత పులుపు పుట్టించే బ్యాక్టీరియా వస్తుంది. కుప్ప 45 నుంచి 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, ముక్కుకు ఘాటుగా తగులుతుంది. అన్ని గింజలకూ వేడి అందాలని మధ్యమధ్య తిరగేస్తారు. ఆ వేడికి మొలక చచ్చి, వంకాయ రంగు గోధుమ రంగులోకి తిరుగుతుంది, వగరు తగ్గుతుంది. చాక్లెట్ రుచికి మూలపదార్థాలు అప్పుడే తయారవుతాయి. తర్వాత ఎండబెట్టి, వేయిస్తేనే మనకు తెలిసిన పరిమళం బయటికొస్తుంది. పులియని గింజను ఎంత గొప్ప ఫ్యాక్టరీకి పంపినా ఆ రుచి రాదు.

కాబట్టి చాక్లెట్ సగం తయారయ్యేది రైతు కళ్లంలోనే. శ్రద్ధగా పులియబెట్టిన గింజకు, తొందరపడి ఎండేసిన గింజకు ఒకే ధర కట్టడం అన్యాయం. కొనేవాళ్లు నాణ్యతకు తగ్గ ధర ఇవ్వాలి, రైతులు ఆ ఆరు రోజుల ఓపిక పట్టాలి. అప్పుడే గోదావరి కోకోకు మంచి పేరొస్తుంది.