జామియా ఉస్మానియా నుండి జీవరసాయన శాస్త్రం దాకా

పదవ తరగతి ఫలితాలు రాగానే తల్లిదండ్రులు నాతో అనే మాట ఒకటి గలదు. "మాస్టర్ సాబ్, ఉర్దూ మీడియం పిల్లలకు సైన్సు ఎక్కడ వస్తుంది? పటాన్‌చెరులో ఏదైనా ఫ్యాక్టరీలో పెట్టిస్తాం." ఈ మాటకు జవాబు మన హైదరాబాదు చరిత్రలోనే ఉన్నది.

1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఇంగ్లీషు తప్పనిసరి పాఠమే, కాని భౌతిక, రసాయన శాస్త్రాలు, తర్వాత వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. మరి పుస్తకాలేవి? అందుకని దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టి మౌల్వీ అబ్దుల్ హక్ గారికి అప్పగించారు. భాషా పండితులూ, సైన్సు తెలిసినవాళ్ళూ కలిసి ఒక్కొక్క పదం తయారుచేశారు. కొన్ని మరీ బరువైన అరబ్బీ మాటలు, పిల్లలకు నోరు తిరగదు; పాఠం చెప్పే నాకు ఆ బాధ తెలుసు. అయినా పని జరిగింది. అక్కడ చదివిన రజీయుద్దీన్ సిద్దిఖీ గారు కేంబ్రిడ్జి వెళ్ళి, ఆపైన జర్మనీలోని లైప్జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర డాక్టరేట్ చేశారు. ఉర్దూ ఆయన కాళ్ళకు అడ్డం పడలేదు.

1948 తర్వాత అక్కడ బోధనా భాష మారినది. సైన్సు మాత్రం ఊరు వదలలేదు. 1944లో సంస్థానం నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలలే తర్వాత ప్రాంతీయ పరిశోధనాలయం అయినవి. డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ దానికి డైరెక్టరుగా పనిచేసి, 1962లో దేశం మొత్తం సి.ఎస్.ఐ.ఆర్.కు అధిపతి అయ్యారు. అక్కడి జీవరసాయన విభాగం నుండే 1977లో డాక్టర్ పుష్పమిత్ర భార్గవ నాయకత్వాన సి.సి.ఎం.బి. పుట్టినది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఈ చదువు ఉన్నది.

ఇంతకూ ఏమిటీ చదువు? ఉర్దూలో హయాతీ కీమియా అంటాం. ప్రాణి శరీరంలో జరిగే రసాయన క్రియల లెక్క. దాని చెల్లెలు హయాతీ తబీయాత్, అంటే జీవభౌతిక శాస్త్రం, ప్రొటీను ఆకారాన్ని ఎక్స్ కిరణాలతో చూస్తుంది. మనకెందుకంటారా? సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర మనకు తెలిసినదే. సూక్ష్మక్రిమి తన డి.ఎన్.ఏ. మెలికలు సర్దుకొనే ఎంజైమును అది పట్టి ఆపుతుంది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగు శుద్ధిచేసే కేంద్రం నుండి బయటికొచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా అదే మందు ఉన్నదని ప్రకటించారు. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు! అలాంటి నీటిలో క్రిములు మందుకు అలవాటు పడతాయి. మన నీళ్ళ సంగతి మనకు చెప్పడానికి స్వీడన్ నుండి రావలసి వచ్చింది.

పై చదువుకు డబ్బెక్కడిదంటారు. ఎమ్మెస్సీ చేసి, సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్షలో ఫెలోషిప్ తెచ్చుకొన్నవారికి పిహెచ్.డి. మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. 2023 నుండి ఇదే రేటు. పటాన్‌చెరులో ఎంతమంది కార్మికులకు అంత జీతం వస్తుందో చదువరులే చెప్పాలి. చిక్కల్లా ఇంటర్‌లో ఇంగ్లీషు చూసి బెదరడమే. అక్కడే మన పిల్లలు జారిపోతున్నారు.

ఈ ఏడు నేను నల్లబల్ల మీద ప్రతి పాఠంలో మూడేసి మాటలు రాయిస్తున్నాను: ఖులియా, కణం, సెల్. మొదటి వారం అందరూ నవ్వారు. ఇప్పుడు ఒక అమ్మాయి నేను రాయకముందే మూడోది చెప్పేస్తున్నది.