ఉత్తరంలో బొమ్మ, బొమ్మలో తెలుగు

తెలుగు ఈమెయిల్ చరిత్రలో లిపికి ఎంత చోటుందో బొమ్మకీ అంత చోటుంది.

మొదట్లో ఈమెయిల్ ఇంగ్లీషు అక్షరాల్ని మాత్రమే మోసేది. ఒక్కో అక్షరానికి ఏడు బిట్లు, మొత్తం 128 గుర్తులు. అందులో మన ‘అ’కీ చోటు లేదు, ఫోటోకీ లేదు. అందుకే 1990ల తొలినాళ్లలో అమెరికాలోని తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునే పద్ధతులు తయారుచేసుకున్నారు. రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ వాటిల్లో పేరున్నది.

1992లో మైమ్ ప్రమాణం వచ్చింది. ఆ మార్చి 11న నథానియెల్ బోరెన్‌స్టైన్ పంపిన ఉత్తరంలో తమ పాటల బృందం ఫోటో, పాట రెండూ ఉన్నాయి. కిటుకు చిన్నదే. బొమ్మలోని ప్రతి మూడు బైట్లనీ నాలుగు మామూలు అక్షరాలుగా మార్చి పంపితే, అవతలివైపు ప్రోగ్రాము దాన్ని మళ్లీ బొమ్మ చేస్తుంది. బరువు మూడోవంతు పెరుగుతుంది, అంతే.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ విండోస్‌లో తెలుగు ఫాంటు రావడానికి 2001లో ఎక్స్‌పీ దాకా ఆగాల్సొచ్చింది. ఆ ఫాంటు పేరు గౌతమి, మా రాజమండ్రి వాళ్లకి అదో ముచ్చట. ఈలోగా పత్రికల సైట్లకి ఒక్కోదానికీ ఒక్కో ఫాంటు. అది లేని కంప్యూటర్లో అన్నీ పిచ్చిగీతలే. బొమ్మకి ఆ బాధ లేదు. శుభలేఖ స్కాన్ చేసి పంపితే రాజమండ్రిలో ఎలా ఉందో హ్యూస్టన్‌లోనూ అలాగే ఉంటుంది. అలా బొమ్మ తెలుగుకి పల్లకీ అయింది.

తర్వాత హెచ్‌టీఎంఎల్ ఉత్తరాలు రెండో దారి తెరిచాయి. బొమ్మని ఉత్తరంలో పెట్టక్కర్లేదు, అదెక్కడుందో చిరునామా రాస్తే చాలు. మెయిల్ తెరవగానే మన కంప్యూటరే ఆ సర్వర్‌ని బొమ్మ అడుగుతుంది. ఆ అడగడంలోనే ఎప్పుడు తెరిచామో, ఏ ఐపీ అడ్రసు నుంచో తెలిసిపోతుంది. ఒక్కొక్కరికీ వేరే చిరునామా రాస్తే, ఎవరు తెరిచారో కూడా తెలుస్తుంది. అలా కంటికి కనబడని ఒక్క పిక్సెల్ బొమ్మ పుట్టింది. రిజిస్టర్డ్ పోస్టులో ఎక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద పోస్ట్‌మేన్ మన ఎదుటే సంతకం పెట్టించుకునేవాడు. ఈ పిక్సెల్ మనకి చెప్పకుండానే మన సంతకం పెట్టేసుకుంటుంది.

అందుకని ఔట్‌లుక్ 2003 బయటి బొమ్మల్ని ఆపేసి, అడిగితేనే చూపించడం మొదలుపెట్టింది. 2013 డిసెంబరు నుంచి జీమెయిల్ బొమ్మల్ని తన సర్వర్ల ద్వారా తెచ్చి చూపిస్తోంది. పంపినవాడికి మన ఐపీ అడ్రసు కనబడదు గానీ, తెరిచామన్న సంగతి తెలియొచ్చు. 2021లో ఆపిల్ ఇంకో అడుగు వేసింది. ఆ రక్షణ ఎంచుకుంటే, మనం ఉత్తరం తెరవకపోయినా బొమ్మలు దిగిపోతాయి. ఇక ఆ సంతకాన్ని నమ్మలేరు.

మరి ఆ పల్లకీలో కూర్చున్న తెలుగు సంగతి? ఇప్పటికీ సాహిత్య సభల ఆహ్వానాలు చాలావరకు ఒకే ఒక్క బొమ్మగా వస్తుంటాయి. బొమ్మలు ఆపుకున్నవాళ్లకి ఖాళీ గడి కనిపిస్తుంది. పక్కన వివరణ రాయకపోతే చూపులేనివాళ్ల స్క్రీన్‌రీడర్‌కి చదవడానికేమీ ఉండదు. బొమ్మ బయటి సర్వర్లో ఉండి, ఆ సర్వర్ మూతపడితే ఉత్తరం మిగులుతుంది, అందులో తెలుగు మిగలదు.

పోస్టర్ పంపండి, ముచ్చటగానే ఉంటుంది. దాని కింద తేదీ, చోటు, వక్తల పేర్లు యూనికోడ్‌లో రాయండి. రేపు మన సభల చరిత్ర రాయబోయేవాళ్లు వెతికితే ఖాయంగా దొరికేది ఆ నాలుగు లైన్లే.