మోసినవాళ్ళ చరిత్ర

పదో తరగతి సోషల్ పరీక్షతో చరిత్రకి ఓ దణ్ణం పెట్టేసినవాణ్ణి. ఇంటరు, ఇంజనీరింగు, ఉద్యోగం... మళ్ళీ అటు చూసిందే లేదు. ఈ మధ్య మాత్రం వరసగా మూడు పుస్తకాలు పూర్తి చేశాను. వాటి గురించి నాలుగు ముక్కలు.

మొదటిది ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మేలో బయల్దేరి హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, కలకత్తా, పూరీ కూడా చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. మన దేశంలో ఇంకా రైళ్ళు లేవు. దారి ఎలా ఉంది, బస ఎక్కడ దొరుకుతుంది, నీళ్ళెలా ఉన్నాయి... ఏ మజిలీ సంగతులు ఆ మజిలీకే రాసిపెట్టారు. సర్వర్ లాగు చదువుతున్నట్టే ఉంటుంది! 1838లో అచ్చయ్యేనాటికి ఆయన లేరు. చదువుతున్నంతసేపూ ఒకటే సందేహం: పల్లకీలో కూర్చున్నాయన రాశారు సరే, దాన్ని మోసిన బోయీలు ఈ యాత్ర గురించి ఇంటికెళ్ళి ఏం చెప్పుకుని ఉంటారో?

రెండోది కందుకూరి వీరేశలింగం గారి స్వీయ చరిత్ర. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం గురించి మనందరం బట్టీ పట్టినవాళ్ళమే. ఊరంతా వెలేసి, వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రాకపోతే, గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వండి వడ్డించింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. ఆ బిట్టు మాత్రం ఏ పరీక్షలోనూ రాలేదు!

మూడోది దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్ళు'. నిజాం కాలపు తెలంగాణ పల్లె, దొర గడీ, వెట్టి చాకిరీ. మాది కోస్తా. 'వెట్టి' అంటే నాకు పాఠంలో ఒక లైను, అంతే. ఇందులో ఆ లైను వెనకున్న మనుషులు కనిపించారు, రెండ్రోజులు నిద్ర పట్టలేదు. నవల చరిత్రెలా అవుతుందండీ అంటారేమో. కూలి లేకుండా మోసినవాళ్ళు డైరీలు రాసుకోలేదు కదా! వాళ్ళ సంగతి తెలియాలంటే ఒక్కోసారి నవలే దిక్కు.

మా ఇంట్లో తాతయ్య బావి తవ్వించిన కథ పిల్లలక్కూడా తెలుసు. ఆ నీళ్ళు రోజూ ఇంట్లోకి ఎవరు మోసేవారో నేనెప్పుడూ అడగలేదు. నాయనమ్మకి ఎనభై దాటాయి. ఈ సంక్రాంతికి ఊరెళ్ళగానే అడగాలి. అడిగి ఊరుకోకుండా, రాసిపెట్టాలి కూడా.