గ్రహముల లెక్క మారిన చరిత్ర

మన గ్రంథాలయము స్థాపింపబడిన నాడు బడిపిల్లలు చదివిన పుస్తకములలో సూర్యుని చుట్టు తిరుగు గ్రహములు 9. రజతోత్సవము జరుపుకొను నేడు వారి బిడ్డలు చదువుచున్నది 8. ఆకాశమునుండి ఏ గ్రహమును రాలిపోలేదు. మారినది మన లెక్క. పంచాంగమునందలి నవగ్రహముల సంగతి వేరు. అందు సూర్యచంద్రులును రాహుకేతువులును చేరియుందురు. ఇచట చెప్పబోవునది ప్లూటో కథ.

ఇట్టి మార్పు ఇదియే మొదటిది కాదు. 1801 జనవరి 1వ తేదీ రాత్రి సిసిలీ ద్వీపమునందలి పలెర్మో వేధశాలలో పియాజీ యను పండితుడు, రాత్రి రాత్రికిని చోటు మారుచున్న ఒక చిన్న చుక్కను గుర్తించెను. అది కుజ గురు గ్రహముల నడుమ తిరుగుచున్నదని తేలగా, సిరీస్ అని పేరిడి గ్రహముల పట్టికలో చేర్చిరి. పిదప 1802లో పల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా కనబడెను. 1845 మొదలు ఇట్టివి వరుసగా బయటపడసాగెను. మదరాసు వేధశాలనుండి పాగ్సను సయితము 1861లో ఒకదానిని కనుగొని ‘ఏషియా’ అని పేరు పెట్టెను. సంఖ్య పెరిగినకొలది వీనిని గ్రహశకలములను వేరొక తరగతిగా ఏర్పరచిరి. సిరీస్ గ్రహపదవి ఆనాడే పోయెను.

ఇక ప్లూటో. నెప్ట్యూనుకు ఆవల మరియొక గ్రహముండవలెనని నమ్మిన లోవెల్, అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ నందు తాను నెలకొల్పిన వేధశాలలో దానికై వెదకి, ఫలింపకయే 1916లో మరణించెను. ఆ పనిని పూర్తిచేసినవాడు టాంబో యను కాన్సస్ రైతుబిడ్డ. అప్పటికి కళాశాల చదువు లేనివాడు; దూరదర్శినులు తానే చేసికొని, వానితో చూచిన గ్రహములను బొమ్మలు గీసి వేధశాలకు పంపగా, అచట ఉద్యోగము లభించెను. ఒకే ఆకాశభాగమును కొన్నిదినముల యెడముతో రెండుసార్లు ఛాయాచిత్రము తీసి, ఆ రెంటిని యంత్రములో మార్చి మార్చి చూచుట అతని పని. నక్షత్రములు కదలవు; గ్రహమైనచో చోటు మారును. వేలకొలది చుక్కల నడుమ అట్లు గంతువేసిన చుక్క 1930 ఫిబ్రవరి 18న అతని కంటబడెను. అప్పటికి అతని వయస్సు 24 సంవత్సరములు.

ప్లూటో అను పేరును సూచించినది ఆక్స్‌ఫర్డునందలి 11 ఏండ్ల బాలిక వెనీషియా. పురాణకథలు చదివిన ఆ బాలిక తాతతో ఈ మాట చెప్పెను. ఆ తాత బోడ్లియన్ గ్రంథాలయమునకు పూర్వము అధిపతిగా నుండినవాడు. గ్రంథాలయాభిమానులమైన మనకిది సంతోషకరమైన సంగతి.

అయితే ప్లూటో అనుకొనినంత పెద్దది కాలేదు. 1978లో దాని ఉపగ్రహము కారన్ కనబడగా, దాని గమనమునుబట్టి ప్లూటో ద్రవ్యరాశి భూమిలో 400వ వంతుకంటె తక్కువ యని తేలెను. 1992లో జూయిట్, లూ అను శాస్త్రజ్ఞులు హవాయి దీవులనుండి ఆ దూరప్రాంతమున మరియొక వస్తువును కనుగొనిరి. తరువాత వందలకొలది కనబడెను. 2005లో బ్రౌన్, ట్రుహియో, రాబినోవిట్జ్ కనుగొనిన ఎరిస్ ద్రవ్యరాశిలో ప్లూటోను మించినది. ప్లూటో గ్రహమైనచో ఎరిస్ ఏల కాదు?

2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరమున అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘము మూడు లక్షణములు నిర్ణయించెను: సూర్యుని చుట్టు తిరుగవలెను, స్వీయ గురుత్వాకర్షణచే ఇంచుమించు గుండ్రని రూపము పొందవలెను, తన మార్గమున ఇతర వస్తువులు లేకుండ తొలగించుకొనియుండవలెను. మొదటి రెండు మాత్రమే కలిగి, మరియొక గ్రహమునకు ఉపగ్రహము కానిది మరుగుజ్జు గ్రహము. సిరీస్, ప్లూటో, ఎరిస్ అట్లు నిర్ణయింపబడెను. 2008లో మాకేమాకే, హౌమియా చేరెను. వేలమంది సభ్యులున్న సంఘమున ఆనాడు ఓటు వేసినవారు కొన్ని వందలమందే యని ఆక్షేపించినవారు కలరు. మూడవ లక్షణమును అంగీకరింపని శాస్త్రజ్ఞులు నేటికిని ఉన్నారు.

2015 జులై 14న న్యూ హొరైజన్స్ నౌక ప్లూటో చెంతనుండి సాగిపోయెను. 1997లో మరణించిన టాంబో చితాభస్మము కొంత అందుండెను. నౌక పంపిన చిత్రములలో మంచుకొండలును, గడ్డకట్టిన నత్రజని మైదానమును కనబడెను. పదవి పోయినను ప్లూటో ఘనత తగ్గలేదు.

కాబట్టి గ్రహములు 9 అని వ్రాసియున్న పాత పుస్తకమును మనము పారవేయనక్కరలేదు. ఆనాటి జ్ఞానమునకు అది సాక్షి. కాని దాని ప్రక్కన క్రొత్త పుస్తకమును తప్పక ఉంచవలెను. పుస్తకములు కొనుట మానిన గ్రంథాలయము బిడ్డలకు నిన్నటి లెక్కనే నేర్పును. రాబోవు సంవత్సరములలో చందాదారులందరు ఈ సంగతిని గుర్తుంచుకొందురుగాక.