ఎస్‌యూవీకి సైలెన్సర్ మారుస్తున్నారా? ఇవి తెలియకపోతే బండికీ, జేబుకీ దెబ్బే!

గుత్తి దగ్గర హైవే పక్కన పది నిమిషాలు నిలబడితే చాలు.. ఎస్‌యూవీలు ఒకదాని వెనుక ఒకటి దూసుకుపోతుంటాయి. హైదరాబాద్‌-బెంగళూరు 44వ నంబర్ జాతీయ రహదారి, కడప వైపు నుంచి బళ్లారి వైపు వెళ్లే 67వ నంబర్ రహదారి ఇక్కడే కలుస్తాయి. ఇదే 44వ నంబర్ రహదారి మీద అనంతపురం దాటి వెళ్తే పెనుకొండ దగ్గర కియా ప్లాంట్ వస్తుంది. 2019లో సెల్టోస్ ఎస్‌యూవీతో అక్కడ ఉత్పత్తి మొదలైంది. అసలు రాయలసీమలో పెద్ద బండి అంటే ఉన్న మోజు సుమోల కాలం నుంచీ ఉన్నదే.

బండి కొన్నాక చాలామంది కుర్రాళ్లకు వచ్చే మొదటి ఆలోచన.. సైలెన్సర్ మార్చేద్దాం, సౌండ్ అదిరిపోవాలి అని. మరి మారిస్తే పవర్ నిజంగా పెరుగుతుందా? చట్టం ఏం చెబుతోంది? ఎండలు మండే, ఎండుగడ్డి ఎక్కువగా ఉండే అనంతపురం జిల్లాలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఏంటి? వివరాలు ఇవీ..

ఎగ్జాస్ట్ అంటే ఒక్క సైలెన్సర్ కాదు

వెనక కనిపించే గొట్టం చివరి భాగం మాత్రమే. ఇంజిన్ నుంచి వచ్చే వేడి పొగ ముందుగా మానిఫోల్డ్‌లోకి వెళ్తుంది. అక్కడి నుంచి టర్బో, డౌన్‌పైప్, క్యాటలిటిక్ కన్వర్టర్. డీజిల్ బండి అయితే మసిని పట్టేసే డీపీఎఫ్ అనే ఫిల్టర్ కూడా ఉంటుంది. కొన్ని మోడళ్లలో యాడ్‌బ్లూ ద్రవాన్ని చల్లి నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే వ్యవస్థ అదనం. ఆ తర్వాతే శబ్దాన్ని తగ్గించే రెజొనేటర్, మఫ్లర్, చివరి పైపు.

ఇన్ని భాగాలు ఎందుకంటే.. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్‌6 నిబంధనలు వచ్చాయి. డీజిల్ కారు కిలోమీటరుకు వదిలే నుసి బీఎస్‌4లో 25 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. బీఎస్‌6లో అది 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ తేడా తెచ్చేది ప్రధానంగా డీపీఎఫ్ ఫిల్టరే.

అప్‌గ్రేడ్‌లో మూడు రకాలు

యాక్సిల్ బ్యాక్: వెనక మఫ్లర్, పైపు మాత్రమే మారుస్తారు. మారేది ఎక్కువగా సౌండే. పవర్‌లో తేడా దాదాపు ఉండదు.

క్యాట్ బ్యాక్: కన్వర్టర్ తర్వాత ఉన్న పైపు మొత్తం మారుస్తారు. పొగ కాస్త తేలిగ్గా బయటకు పోతుంది. కంపెనీ సెట్టింగ్‌లోనే ఉన్న ఇంజిన్‌లో వచ్చే లాభం మాత్రం చాలా స్వల్పం.

డౌన్‌పైప్: టర్బో పక్కనే ఉన్న పైపును మారుస్తారు. ఈసీయూ సాఫ్ట్‌వేర్ కూడా మారిస్తే పవర్ పెరిగేది ఇక్కడే. కానీ ఈ పనిలో చాలాసార్లు కన్వర్టర్‌నో, డీపీఎఫ్‌నో తీసేస్తారు. అసలు తంటా అక్కడే మొదలవుతుంది.

పైపు ఎంత లావుంటే అంత పవర్ అనుకోవడం కూడా తప్పే. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌కు అవసరానికి మించిన లావు పైపు వేస్తే పొగ వేగం తగ్గి, తక్కువ ఆర్పీఎంలో లాగే శక్తి పడిపోతుంది. రెజొనేటర్ తీసేస్తే హైవేలో ఒక స్థిరమైన వేగం దగ్గర క్యాబిన్ అంతా ఒకటే రొద. గుత్తి నుంచి బెంగళూరు దాకా ఆ మోత వింటూ వెళ్లాలంటే తల వాచిపోవడం ఖాయం.

డీపీఎఫ్ తీసేస్తే ఏమవుతుంది?

ఊళ్లోనే తిరిగే డీజిల్ బండిలో డీపీఎఫ్ మసితో నిండిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద లైట్ వెలుగుతుంది. కొత్త ఫిల్టర్ ఖర్చు కొన్ని మోడళ్లలో లక్ష దాటే అవకాశం ఉంది. దాంతో కొందరు లోపలి భాగాన్ని పగలగొట్టించి, ఖాళీ డబ్బాను మళ్లీ వెల్డింగ్ చేయిస్తున్నారు. సెన్సర్లు పసిగట్టకుండా సాఫ్ట్‌వేర్ మార్పిస్తున్నారు.

కానీ చాలా సందర్భాల్లో అంత దూరం వెళ్లాల్సిన పనే లేదు. ఫిల్టర్‌లో చేరిన మసిని బండి తనంతట తానే కాల్చుకుంటుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. లైట్ వెలిగిన వెంటనే హైవే ఎక్కి 15 నుంచి 20 నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో నడిపితే చాలావరకు క్లియర్ అవుతుంది. కచ్చితంగా ఎంత వేగం, ఎంతసేపు అన్నది ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. అప్పటికీ లైట్ పోకపోతే సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిందే.

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లోనే తేల్చింది. ఫిల్టర్ లేని బండిని ఇంటి ముందు స్టార్ట్ చేస్తే ఆ నుసిని ముందుగా పీల్చేది ఇంట్లో పిల్లలే.

అనంతపురం జిల్లాలో ఇది మరీ ముఖ్యం

రీజనరేషన్ సమయంలో డీపీఎఫ్‌లో వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. అందుకే కంపెనీ ఎగ్జాస్ట్ చుట్టూ హీట్ షీల్డ్ రేకులు ఉంటాయి. కొత్త పైపు బిగించేటప్పుడు అడ్డొస్తున్నాయని వాటిని పీకేస్తే ప్రమాదాన్ని కొనితెచ్చుకున్నట్టే.

వేరుశనగ కట్టె, ఎండుగడ్డి మీద వేడి బండిని పార్క్ చేయొద్దు. వామి పక్కన అసలే వద్దు. పంట నూర్పిడి కోసం రోడ్డు మీద పరిచిన ఉలవ, కంది కట్టె కూడా డేంజరే. అది బండి కింద చుట్టుకుని, వేడి పైపుకు తగిలి మంటలు లేచిన ఘటనలు పక్కనున్న కర్ణాటకలో జరిగాయి. అలాంటి చోట తప్పక వెళ్లాల్సి వస్తే, దాటాక సురక్షితమైన చోట ఆపి బండి కింద ఒకసారి చూసుకోవాలి.

కంటికి కనిపించని ముప్పు

జాయింట్ల దగ్గర గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోతే పొగ లీకవుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది క్యాబిన్‌లోకి చేరితే తలనొప్పి, వికారం, మగత వస్తాయి. మోతాదు పెరిగితే ప్రాణమే పోతుంది. ఏసీ వేసుకుని ఆగిన బండిలో నిద్రపోవడం, వెనక డోర్ తెరిచి నడపడం అందుకే వద్దంటారు. జాయింట్ల చుట్టూ నల్లటి మసి, స్టార్ట్ చేయగానే టక్‌టక్ శబ్దం వస్తే లీకేజీ ఉన్నట్టు అనుమానించాలి.

చట్టం ఏం చెబుతోంది?

- మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది.
- అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.
- శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే 190(2) సెక్షన్ కింద మొదటిసారి రూ.10,000 వరకు జరిమానా లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. పైగా 3 నెలలు లైసెన్స్‌పై వేటు.
- ప్రతి వాహనానికి శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ ఉండాల్సిందేనని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ రూల్ చెబుతోంది.

విశాఖపట్నం, హైదరాబాద్‌లలో పోలీసులు పట్టుకున్న మోడిఫైడ్ సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించిన వీడియోలు అందరూ చూసినవే. అవి ఎక్కువగా బైకులవే. అయితే రూల్ మాత్రం కార్లకూ ఒకటే. మార్పు సంగతి చెప్పకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు, వారంటీకి కూడా చిక్కులు తప్పవు.

మరి ఏం చేయొచ్చు?

పాత సైలెన్సర్ తుప్పు పట్టినా, చిల్లు పడినా అదే మోడల్‌కు సరిపోయే కంపెనీ పార్ట్ వేయించుకోవడం సేఫ్. హ్యాంగర్ రబ్బర్లు, గ్యాస్కెట్, క్లాంపులు అప్పుడే మార్పిస్తే లీకుల బాధ ఉండదు. గ్యారేజీ వాళ్లు పీకిన పాత భాగాలను బిల్లుతో సహా అడిగి తీసుకోవాలి. కంపెనీ సిస్టమ్ కాకుండా వేరేది పెట్టించాలనుకుంటే ముందుగా రవాణా శాఖ అధికారులను సంప్రదించాలి.

సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్‌యూవీ కొనేవాళ్లకు ఒక చిట్కా. బండి చల్లగా ఉన్నప్పుడు చివరి పైపు లోపల వేలితో తుడిచి చూడండి. డీపీఎఫ్ పనిచేసే బీఎస్‌6 బండిలో పైపు దాదాపు శుభ్రంగా ఉంటుంది. వేలికి దట్టంగా మసి అంటితే డౌట్ పడాల్సిందే. బేరం కుదుర్చుకునే ముందు సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించండి. లేదంటే పాత ఓనర్ చేసిన తప్పుకు జరిమానా కట్టాల్సింది మీరే!