బళ్లారి సీమ వీధిబడులలో వ్రాత చదువు

నేడు కర్ణాటకములో నున్న బళ్లారి 1953 అక్టోబరు 1వ తేదీవరకు మద్రాసు రాష్ట్రములోనిది. తెలుగును కన్నడమును కలసి పెరిగిన ఈ సీమలోని బడులనుగూర్చి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో ఒక నివేదిక వ్రాసెను. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినవా డీతడే. అనంతపురము సీమ కూడ చేరియున్న ఆనాటి జిల్లాలో బడులు 533, విద్యార్థులు 6,641 మంది. కన్నడ బడులు 235 కాగా తెలుగు బడులు 226.

ఆ బడులలో బాలుడు అక్షరములను వల్లించుటతో మొదలిడక, ఇసుకలో వ్రేలితో దిద్దుచునే నేర్చుకొనెడివాడు. చేయి కుదిరినపిమ్మట తాటాకుపై గంటము, కాగితముపై కలము పట్టవచ్చును. కాని హెచ్చు వాడుకలో నున్నవి పలకయు కడితమును. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్కను నునుపుచేసి, కొంచె మన్నమును బొగ్గుపొడిని రాచినచో పలక సిద్ధము. గుడ్డకు గంజిపెట్టి, పుస్తకమువలె మడచి, బొగ్గును జిగురులను పట్టించినచో కడితము. బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచిన మరల క్రొత్తదే! ఈ చౌకదనమును, పెద్దపిల్లలు చిన్నవారికి నేర్పు పద్ధతిని కాంబెల్ మిక్కిలి మెచ్చుకొనెను.

గుణింతములు, ఒత్తులు వచ్చినపిదప మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు వ్రాయించెడివారు. అయ్యవారు పలుచోట్లనుండి సేకరించిన జాబులను, సర్కారు కాగితములను ముందుంచి వేర్వేరు దస్తూరీలను చదివించెడివాడు. ఉత్తరములు, ఒడంబడిక పత్రములు వ్రాయించెడివాడు. పల్లెటూరి బాలునకు ఇంతకంటె అక్కరకు వచ్చు విద్య వేరేమున్నది?

పద్యముల విషయమున కాంబెల్ తీర్పు కఠినము. కావ్యభాష వాడుకమాటకు దూరమగుటచే పిల్లలు అర్థ మెరుగకయే వాటిని కంఠస్థము చేయుచుండిరని యాతని యాక్షేపణ. అది త్రోసిపుచ్చదగినది కాదు. అయినను పద్యము నర్థ మెరుగక అప్పగింపవచ్చును గాని, జాబు నట్లు వ్రాయుట సాధ్యము కాదు. వల్లెవేతలోని కొరతను వ్రాతయే కొంత తీర్చియుండవలెను.

ఈ బడులు క్షీణించుటకు కారణము బోధనాలోపము కాదు, పేదరికమే యని కాంబెల్ స్పష్టముగ వ్రాసెను. ఇంగ్లండు బట్టల రాకతో నేతగాండ్ర జీవనము దెబ్బతినెను. కాలుసేతు లాడుటతోడనే పిల్లలు కూలికి పోవలసివచ్చెను. మునుపు బడులున్న గ్రామములు పెక్కింట బడియే లేకపోయెను. పెద్దబడులు నడచినచోట్ల కలవారి పిల్లలు కొందరు మాత్రమే మిగిలిరి.